డెల్మర్ వేటకి వస్తాడా?

"నాన్నని నాతో తీసుకెళ్తున్నాను అంకుల్. ఓ మాట చెప్పిపోదామని వచ్చా" అంది మార్లిస్, గుమ్మంలోనే నిలబడి.

వెండెల్ చేతిలో కాఫీ ఒలికింది.

"ఇవాళేంటే! రేపే కదా సీజన్ మొదలు!"

సౌత్ డకోటాలో ఫెజంట్ అనే అడవికోళ్ళ వేట మొదలయ్యే శనివారం అంటే మాటలు కాదు. బ్యాంకు మేనేజరు, చర్చి పాస్టరు, పెళ్ళాం చాటు మొగుళ్ళు, అందరూ తెల్లారేసరికి మొక్కజొన్న చేలల్లో ఉంటారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మార్లిస్ నాన్న డెల్మర్, అతని నేస్తం వెండెల్ ఆ రోజు ఒక్కసారీ మానలేదు.

"మీ నాన్నేడీ?"

"కార్లో. ముందు సీట్లో. బెల్టు పెట్టాను."

"చలిలో ఒక్కణ్ణీ వదిలేసి వచ్చావా? బాగుంది వరస! లోపలికి తీసుకురా" అని కసిరింది లవాన్. వెండెల్ భార్య. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

మార్లిస్ వెళ్ళి, రెండు చేతులతో పొదివి పట్టుకుని, తడి మెట్ల మీద అడుగు చూసుకుంటూ తీసుకొచ్చింది. వెండెల్ కిటికీ పక్క కుర్చీ లాగాడు. ఎప్పుడొచ్చినా డెల్మర్ చోటు అదే. లవాన్ అలవాటు కొద్దీ అతని ముందూ ఓ కప్పు పెట్టి, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"మినియాపొలిస్‌లో అంతా మాట్లాడేశాను. ఆ చోటు మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దగ్గర. చెట్లు, పచ్చిక, శుభ్రంగా ఉంటుంది. ఆదివారం ఆదివారం పిల్లల్ని తీసుకెళ్తా" అంది మార్లిస్.

"పట్నం అంటే ఒళ్ళుమంట కదే మీ నాన్నకి!" అన్నాడు వెండెల్.

"మీ చేలో బురద మాత్రం ముద్దా?"

"నేను మాటిచ్చాను తల్లీ. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని అడిగాడు. ఏమైనా సరే, ఈసారీ మొదటిరోజు నన్ను చేలోకి తీసుకెళ్ళరా అన్నాడు."

"నాతో అనలేదే?"

"నీతో అంటే ఊరుకుంటావా?"

మార్లిస్ తండ్రి వైపు చూసింది. డెల్మర్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ మాట నిలబెట్టుకోవడానికే వెండెల్ వారం నుంచీ షెడ్డులో కిందామీదా పడుతున్నాడు. కొందరు తపాలా బిళ్ళలు పోగేస్తారు. ఈ ఇద్దరు పెద్దమనుషులూ తూటాలు నింపే పాతకాలపు పనిముట్లు పోగేశారు. ఎక్కడ ఏ రైతు ఇల్లు వేలానికొచ్చినా వాలిపోయేవారు. కర్రపిడి కొలత గరిటెలు, ఇత్తడి గరాటులు, చేత్తో తిప్పే మరలు, ఒకటా రెండా! గోడకి తగిలించి మురిసిపోయే రకం కాదు, వాటితోనే నింపి కాలుస్తారు. డెల్మర్ వాడేది వాళ్ళ తాతగారి జంట గొట్టాల తుపాకి. కొట్లో దొరికే తూటా దానికి వేస్తే గొట్టం బద్దలవుతుంది. పాతకాలపు నల్ల తుపాకిమందే కావాలి, చేత్తోనే నింపాలి.

"అంకుల్, నా పుట్టినరోజు ఎప్పుడో తెలుసా మీకు?" అంది మార్లిస్ ఉన్నట్టుండి. "ఏటా ఈ సీజన్‌లోనే వచ్చి చస్తుంది. కేకు కోసేటప్పుడు అందరి నాన్నలూ పక్కనుంటే మా నాన్న మీ పక్కనుండేవాడు. ఈసారైనా నాకు వదిలేయండి."

ఆ పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. వెండెల్‌కి తల కొట్టేసినట్టయింది. కాదనడానికి ఏముంది, అంతా నిజమే.

"నోరు పెగలదేం మహానుభావా? పిల్ల ఏడుస్తోంది, కనబడట్లా?" అంది లవాన్.

వెండెల్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"మందు కొలిచేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు తల్లీ. అటు ధ్యాస పోతే పోసినదాన్లోనే మళ్ళీ పోస్తాం. తుపాకి పేలి మొహం పోతుంది. మా ఇద్దరికీ అది శాసనం. మీ నాన్న దాన్ని నీ కోసమే తప్పేవాడు. మార్లిస్‌కి పన్ను ఊడిందిరా, మార్లిస్ బళ్ళో పాట పాడిందిరా అని ఒకటే సొద! నీ పుణ్యమా అని ఎన్ని తూటాలు విప్పి మళ్ళీ నింపానో ఆ దేవుడికే తెలియాలి."

మార్లిస్ ఏడుస్తూనే నవ్వింది.

"నన్నెప్పుడూ ఆ షెడ్డు గడప తొక్కనివ్వలేదు మీరు."

"తప్పే. పద, ఇప్పుడు చూద్దువు గాని. నాన్ననీ తీసుకురా."

షెడ్డులో ఆమె తండ్రి కూర్చునే పీట మీద కూర్చుంది. వెండెల్ తుపాకిమందు కొలవడం మొదలుపెట్టాడు. మొదటి కొలత వెనక్కి వంపేశాడు. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ కొలిచాడు. గుమ్మంలో నిలబడ్డ లవాన్ కూడా కిక్కురుమనలేదు. ఒక్కో తూటాలో మందు పోసి, అట్టబిళ్ళ పెట్టి, కర్రతో అదిమి వరసగా నిలబెట్టాడు. ఇక పైన సీసపు గుళ్ళు పోయడమే మిగిలింది. ఆఖరిది కూడా పెట్టాక మార్లిస్ వైపు బెరుగ్గా చూశాడు. ఇప్పుడు ఆ పిల్ల లేచి వెళ్ళిపోతే చేసేదేమీ లేదు.

"సరే అంకుల్. రేపు నాన్నని మీతో తీసుకెళ్ళండి" అంది మార్లిస్. "కానీ ఇవాళ సాయంత్రమే నాతో ఊరికీ రావాలి."

"రెండూ ఎలా కుదురుతాయే పిచ్చిదానా?" అంది లవాన్.

మార్లిస్ సీసపు గుళ్ళ డబ్బా పక్కకి జరిపి, ఒళ్ళోని జాడీ మూత తీసి, కొలత గరిటెతో తండ్రి చితాభస్మాన్ని ఒక్కో తూటాలో పోసుకుంటూ వచ్చి, జాడీ సగమయ్యాక ఆగి, మళ్ళీ మూత పెట్టేసింది.