తగ్గింపు పోకుండా

“బండి మానేయడం అన్న మాట మాత్రం మీ నోట రాకూడదండీ. విరామం అనండి,” అన్నది ఫోనులో కూతురు, గొంతు బాగా తగ్గించి.

బీమా కార్యాలయంలో మూడో కౌంటరు గుమాస్తా రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని, ఫోనులో ఉన్నామె తండ్రి పాలసీని తెరమీద వెదికి పట్టుకొన్నది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి విశ్రాంతి పుచ్చుకొన్న మనిషి. సొంత కారు కొన్న పదకొండేళ్ళలో ఒక్క క్లెయిమూ లేదు. అందుకు ఫలంగా ప్రీమియంలో సగం తగ్గింపు.

“అసలేం జరిగిందండీ?”

“పోయిన నెల పదో తారీకున మా పాపని బడి నుంచి తెస్తూ, రోజూ తిరిగే మలుపులోనే ఎదురుదారిలోకి పోయారు. లారీవాడు ఆపబట్టి సరిపోయింది. ఇది ఏ వీధమ్మా అని పాపనే అడిగారట. ఇక నడపకూడదని డాక్టరు నాతో చెప్పాడు. బండే బతుకైన మనిషికి ఆ మాట నేనెలా చెప్పను? టైర్లలో గాలి లేదనీ, ఎండగా ఉందనీ సాకులు చెప్పి ఇన్నాళ్ళూ బండి తీయనివ్వలేదు. మొన్న ఆయనే అన్నారు, అమ్మితే అమ్మొచ్చుగానీ నా తగ్గింపు నీళ్ళపాలవుతుందని. అదొక్కటే నాకు దొరికిన దారి.”

“తగ్గింపు ఎక్కడికీ పోదండీ. బండి అమ్మినా మా దగ్గర మూడేళ్ళు ఆయన పేరనే ఉంటుంది. ఉత్తరం సిద్ధం చేస్తాను. లైసెన్సు నకలు తెమ్మనండి.”

“మీ చేత అబద్ధం ఆడిస్తున్నానేమో.”

“ఉత్తరం నిజమేనండీ. తక్కినదానిలోకి నన్ను లాగకండి.”

మర్నాడు పదకొండింటికి తండ్రీకూతుళ్ళు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చూపుడువేలికి తాళాల గుత్తి. కుడిచేతి వణుకు కనబడకుండా దానిమీద ఎడమచేయి వేసి కూర్చున్నారాయన.

“తల్లీ, నేను బండి అమ్మితే పదకొండేళ్ళ నా మంచితనం ఎవరికి పోతుంది? కొనేవాడికా?”

“కాదు బాబాయ్‌గారూ. తగ్గింపు మనిషిది, బండిది కాదు.”

“విన్నావా?” అన్నారాయన కూతురివైపు తిరిగి. “బండికన్నా మనిషికి విలువిచ్చే చోటు ఇంకా ఉందన్నమాట.”

గుమాస్తా నవ్వింది. “విరామం ఎన్నాళ్ళు అనుకొంటున్నారు?”

“మా అమ్మాయిని అడుగు. ఇప్పుడు నాకు కండక్టరు తనే. విజిల్ వేస్తే ఆపాలి కదా.”

“రెండేళ్ళు నాన్నా. చేతి వణుకు తగ్గేదాకా,” అన్నది కూతురు, కంగారుగా.

“ఒకటిన్నర చాలు.”

“రెండు నాన్నా.”

“సరే, నీ మాటే కానీ. ఆ తర్వాత మాత్రం సాకులు వినను. టైర్లలో గాలి నేనే కొట్టించుకొంటాను.”

కూతురు గోడమీది క్యాలెండరువైపు ముఖం తిప్పుకొన్నది. గుమాస్తా కాగితాలు సర్దుతున్నట్లు తల వంచుకొన్నది. ప్రాణం మీదికి వచ్చిన వేళ ఆడిన అబద్ధానికి దోషం లేదని పెద్దలు చెప్పగా ఆమె విన్నదే. అయినా, నమ్మి వచ్చిన మనిషిని ఎదుట కూర్చోబెట్టుకొని ఆడుతూంటే ఆ అభయం ఎందుకో అక్కరకు రాలేదు.

ఆయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. కూతురు అమ్మకం పత్రాన్ని ముందుకు జరిపింది. కొనే ఆసామి సాయంత్రానికల్లా బండి కోసం ఇంటికి వస్తాడు. ఈ సంతకం ఇప్పుడు పడకపోతే రేపు ఉదయం తాళాలు మళ్ళీ ఆయన చేతిలోనే ఉంటాయి.

కలం కాగితం మీద ఆగింది.

“ఈ రెండేళ్ళలో ఎవరి బండైనా ఒక్కసారి, ఊరికే వీధి చివరిదాకా నడిపాననుకో?”

“తగ్గింపు మొత్తం పోతుంది,” అన్నది కూతురు తటాలున.

అటువంటి నిబంధన ఏదీ లేదు. ఆయన చూపు కూతురి మీది నుంచి గుమాస్తా మీదికి మళ్ళింది.

“అంతేనా తల్లీ?”

గుమాస్తా తల ఊపింది. “అంతే బాబాయ్‌గారూ.”

“అయితే ముట్టనే ముట్టను. పదకొండేళ్ళ కష్టం వీధి చివర పారేసుకొంటానా?”

వంకర తిరిగిన అక్షరాలతో, తొందరపడకుండా సంతకం చేశారు. వేలి నుంచి గుత్తి తీసి కూతురి అరచేతిలో పెట్టి, ఆమె వేళ్ళు తానే ముడిచారు.

“లైసెన్సు నకలు?” అని గుర్తుచేసింది గుమాస్తా.

జేబులో నుంచి అంటించిన కవరొకటి తీసి బల్లమీద పెట్టారాయన. “కావలసింది ఇందులో ఉంది. మేం వెళ్ళాక తీరిగ్గా చూసుకో.”

అద్దాల తలుపు అవతల కూతురు ఆయన మోచేయి పట్టుకొని మెట్లు దింపుతూ ఉన్నది. ఆయన ఏదో అన్నారు. ఆమె తేలికగా, చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూచినకొద్దీ గుమాస్తాకు మనసు చివుక్కుమన్నది. అంతటి మనిషిని ఇద్దరు ఆడవాళ్ళు కూడబలుక్కొని పసివాణ్ణి చేసి పంపించారు.

ఆమె కవరు చింపింది.

అది, దారి తప్పిన మర్నాడే ఆయన తన లైసెన్సును రవాణా కార్యాలయంలో తిరిగి అప్పగించినట్టు రసీదు.