సన్నవీపు బాతులు

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్లూ ఊడిపోవాలి. వాగు ఆకాశమంత పొంగింది. అరచేతంత గట్టు మీద చుంచెలుక, దాని నలభై పిల్లలూ చిక్కుకున్నాయి. అవతలి ఒడ్డుకు మోస్తామంటూ రెండు సన్నవీపు బాతులు పోటీపడి వచ్చాయి.

"సుఖంగా ఉంటుందా? మలుపులో ఊగుతారా? మధ్యలో ఏదైనా అయితే?" అని అడిగింది చుంచెలుక.

"నా వీపు దూదిపరుపు. మలుపులో నీ మీసం కూడా కదలదు. ఏదైనా అవడమా, నాకా!" అంది చుక్కల బాతు.

"నా ఎముకలు గుచ్చుకుంటాయి వదినా. మలుపులో వాలతాను, ఈకలు పట్టుకో. పోయినేడు రెక్క పట్టేసి తుమ్మకొమ్మ మీద దిగాను. అప్పట్నుంచి దిగే చోటు చూసుకున్నాకే ఎగురుతున్నా," అంది ఎర్రముక్కు బాతు.

చుంచెలుక పిల్లలతో సహా ఎర్రముక్కు బాతునే ఎక్కింది.

"దారి మధ్యలో ఆగిపోయినదాన్ని నమ్ముతావుటే!" అని నవ్వింది చుక్కలది.

సగం దారిలో కొండలు ఎగిరిపోయేంత గాలి లేచింది. ఎర్రముక్కు బాతు ముందే చూసుకున్న మోడు మీద వాలి, గాలి తగ్గాక ఒడ్డు చేర్చింది.

"అమ్మా, నడుములు పోయాయే!" అని ఏడ్చాయి పిల్లలు.

"నొప్పి పుట్టడానికి నడుములు మిగిలాయిగా, నోరు మూసుకోండి!" అంది తల్లి.

ఇక నువ్వు నవ్వింది చాలు గానీ, పెరట్లోకెళ్లి రెండు రెబ్బలు కరివేపాకు తెంపుకురా, పోపు మాడిపోతోంది.