ఆరని ఆకుపచ్చ

"నలుపు ఇప్పుడే ఎయ్యొద్దప్పా. ఆకుపచ్చ పైన్నే ఆరింది, లోపల ఇంకా తడి ఉండాది."

వేణుమాధవ్ తలెత్తి చూశాడు.

హిందూపురం బస్టాండు వెనక సందులో అతనిది నంబరు ప్లేట్లు రాసే దుకాణం. గడప దగ్గర ఎవరో నిలబడి ఉన్నాడు. ముప్పై దాటని మనిషి, మాసిన చొక్కా, మోచేతుల దాకా ఎరుపూ ఊదా మరకలు.

పేరు ఎల్లప్ప అన్నాడు. ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసే షెడ్డులో పనిచేస్తానని చెప్పాడు.

"నూలు వేరు, ప్లాస్టిక్ వేరులేప్పా," అన్నాడు వేణుమాధవ్.

బల్ల మీద జానెడు ప్లాస్టిక్ యుద్ధట్యాంకు బొమ్మ ఉంది. పెనుకొండ దగ్గర పల్లెలో రైతు గంగాధరప్ప దాన్ని చేయించుకుంటున్నాడు. ఆయన కొడుకు మధు సైన్యంలో ట్యాంకు డ్రైవరు. మూడేళ్ళ కిందట ఎడారిలో శిక్షణ జరుగుతుండగా ట్యాంకుకు నిప్పంటుకుని చనిపోయాడు. ఇంటికి వచ్చిన కాగితంలో ఉన్నది అంతే. పెట్టె మూసి పంపారు, ముఖం కూడా చూడనివ్వలేదు.

"నా కొడుకు యాడ కూర్చోని పోయినాడో చూసుకోవల్ల," అన్నాడు గంగాధరప్ప పని ఒప్పజెప్పిన రోజు. "పానం పోయేటప్పుడు ఏమన్నాడో, ఎవుర్ని పిలిచినాడో చెప్పేవాళ్ళు లేరు. బొమ్మన్నా చూస్తా."

ఆ మాట విన్నాక వేణుమాధవ్ ఆ పనిని సొంత ఇంటి పనిలా పట్టుకున్నాడు.

ఇసుక రంగు మీద ఆకుపచ్చ మచ్చలు, వాటి పక్కన నలుపు. రంగును సన్నగా చిమ్మే ఎయిర్‌బ్రష్ ఉంటే పూటలో అయిపోతుంది. అతనికి అది లేదు. గోధుమపిండి ముద్దను తాడులా పేని మచ్చ అంచు చుట్టూ అంటిస్తాడు. లోపల స్పాంజి ముక్కతో రంగు అద్దుతాడు. పిండి తీసేస్తే అంచులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు మెత్తగా వస్తాయి. ఈ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు. అందుకే గర్వం పాలు కొంచెం ఎక్కువ.

ఎల్లప్ప కదల్లేదు. బొమ్మ కింది పీట మీద రాసిన మధు పేరునే చూస్తున్నాడు. ట్యాంకు ముందువైపు డ్రైవరు లోపలికి దిగే మూతను తెరిచి అతికించడానికి కుదరదా అని అడిగాడు. ఎప్పుడో మూసి అతికించేశానన్నాడు వేణుమాధవ్ విసుగ్గా. దారిన పోయే ప్రతివాడూ సలహాదారే.

ఆత్రగానికి బుద్ధి మట్టు అంటారు. ఆ రోజు సోమవారం. గురువారానికి బొమ్మ ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. వద్దన్న మనిషి ఎదురుగానే పిండి తాడు అంటించి నలుపు అద్దాడు.

పిండి లాగితే దాంతోపాటు ఆకుపచ్చ కూడా పాల మీగడలా ముడుచుకుని లేచి వచ్చింది.

తప్పు తనదేనని వేణుమాధవ్‌కు తెలుసు. తెలుసు కనుకే కోపం రెట్టింపయింది. మొగుణ్ణి కొట్టి మొగసాల కెక్కినట్టు ఎల్లప్ప మీద పడ్డాడు. నీ నోటి పుణ్యమే ఇది, దిష్టి పెట్టడానికే వచ్చావు అని తిట్టాడు.

ఎల్లప్ప బల్ల దగ్గరికి వచ్చాడు. ఇక్కడే కూర్చుని పాడైన రంగంతా గీకి శుభ్రం చేసి పెడతానన్నాడు. కొడుకును పోగొట్టుకున్న పెద్దాయన చేయించుకుంటున్న బొమ్మ, ముట్టుకోవద్దన్నాడు వేణుమాధవ్.

"ఆ పెద్దాయన ఎప్పుడొస్తాడప్పా?"

"గురువారం. నీకెందుకు?"

"ఆ పొద్దు నేనూ వస్తా. ఈ మూలన కూర్చుంటా. ఆయప్పకు ఒక మాట చెప్పేది ఉండాది."

వేణుమాధవ్‌కు ఒళ్ళు మండిపోయింది.

"నా పని చెడిపోయిందని చెప్పేకా? గురువారం ఈ సందులో కనపడితే కాళ్ళిరగ్గొడతా, పో."

ఎల్లప్ప పీట మీది పేరును ఇంకోసారి చూసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున టీ అంగడిలో ఎవరో చెప్పుకుంటున్నారు. ముందు రోజు పెనుకొండ దగ్గర ఒకతను రైలు కింద పడ్డాడట. చేతుల మరకలు చూసి ధర్మవరం రంగుల షెడ్డు వాడని పోల్చారట. జేబులో ఎల్లప్ప అని పేరున్న కార్డు దొరికిందట.

వేణుమాధవ్ చేతిలో టీ చల్లారిపోయింది. పాపం అనుకున్నాడు. తాగి పట్టాలు దాటి ఉంటాడులే అని కూడా అనుకున్నాడు. అలా అనుకుంటే కొంచెం తేలికగా ఉంది.

రంగంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఎండలో పెట్టి, ఆరేదాకా ఓపిక పట్టి నలుపు వేశాడు.

గురువారం గంగాధరప్ప వచ్చాడు. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, కొడుకు కూర్చునే చోటు ఎక్కడని అడిగాడు. వేణుమాధవ్ మూత చూపించాడు. ముసలాయన దాన్ని వేలితో మెల్లగా తడిమాడు. వేణుమాధవ్ మంచినీళ్ళు తేవడానికి లేచాడు.

తిరిగి వచ్చేసరికి గంగాధరప్ప ముఖంలో మూడేళ్ళుగా లేని వెలుగేదో ఉంది. మధుతో పనిచేసిన వాళ్ళు ఎవరో రాత్రే ఫోటో పంపారంటూ ఫోను చేతికిచ్చాడు. ట్యాంకు మీద యూనిఫాంలో ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుని నవ్వుతున్నారు.

"నడిమి వాడు మా మధు. ఈ ఎడమ పక్క పిల్లోడూ వానితోనే పోయినాడు."

కుడి పక్కన కూర్చున్నవాడి ముఖం దగ్గర వేణుమాధవ్ చూపు ఆగిపోయింది.

గంగాధరప్ప బొమ్మను కండువాలో చుట్టుకుని లేచాడు.

"ఇట్నుంచి ఇట్లే ధర్మవరం పోతాండా నాయనా, మా వాని ఆకరి మాట ఇన్న ఈ కుడి పక్క పిల్లోడు ఆడ రంగుల షెడ్డులో బతికుండాడంట."