ఎంత పడ్తది?

"సార్, ఎంత పడ్తది?"

డాబా మీద సోలార్ పలకలు కడుగుతున్న నాగేందర్ చిరాగ్గా కిందికి చూశాడు.

పక్క జాగాలో లేస్తున్న ఇంటి గోడలకు పైపుతో నీళ్లు కొడుతున్న పెద్దాయన తలెత్తి నిలబడి ఉన్నాడు. పైకి మడిచిన లుంగీ, కాళ్ల నిండా సిమెంటు.

పలకలు పెట్టించినప్పటి నుంచీ రామన్నపేటలో సగం మంది అడిగిన ప్రశ్నే అది. మొదట్లో నాగేందర్ పిలిచి కూర్చోబెట్టి, చాయ్ పోయించి మరీ చెప్పేవాడు. మూడు కిలోవాట్లకు రెండు లక్షల పైచిలుకు, సర్కారు సబ్సిడీ డెబ్బై ఎనిమిది వేలు, అది పోను మిగిలింది మన చేతి ఖర్చు. తగ్గిన కరెంటు బిల్లు చూపించి మురిసిపోయేవాడు. భార్య శోభకు తల్లిగారిచ్చిన గొర్రెలు అమ్మిన సంగతి మాత్రం నోరు జారనిచ్చేవాడు కాదు.

ఇప్పుడా మురిపెం లేదు. దక్షిణం పక్క ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న జాగాలో ఇల్లు లేస్తోంది. ఒక్క పలక మీద నీడ పడినా వరసంతా కరెంటు పుట్టించడం మందగిస్తుందని బిగించినవాళ్లు చెప్పిపోయారు. పక్కింటి పిల్లర్ల చువ్వలు చూస్తే మేడ లేపే ఏర్పాటే కనబడుతోంది.

ఇల్లు కట్టించేది హుజూర్‌నగర్‌లో రిటైరైన సారెవరో అని మేస్త్రీ ఐలేశం అన్నాడు. ఆయన జాగా, ఆయన ఇష్టం. వద్దని అడిగే హక్కు ఎక్కడిది? ఎదురుపడి బతిమాలడానికి ముఖం చెల్లక, నాగేందర్ ఆ కోపమంతా కనిపించిన ప్రతివాడి మీదా తీర్చుకుంటున్నాడు.

"నీతోని గాదు తియ్యి," అన్నాడు కిందికి చూస్తూ.

"గది గాదు సార్. జర చెప్పుండ్రి. చలికాలం ఎక్కువ పడ్తదా?"

"రేటుకు చలికాలం, ఎండకాలం ఉంటదానయ్యా!"

బట్టలు ఆరేస్తున్న శోభ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో నాగేందర్‌కు ఊపొచ్చింది.

"సోలార్ పెట్టాల్నంటె ముందుగాల నెత్తిమీద స్లాబు ఉండాలె. ఉన్నదా నీకు?"

పెద్దాయన కూడా చిన్నగా నవ్వాడు.

"పోస్తున్నం సార్."

"పోస్తున్నవ్ లే, మందికి!"

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. నాగేందర్ మాత్రం ఆగలేదు.

"పోయి మీ సారుకు చెప్పు. మీద అర్ర లేపిండంటే మా బతుకు బుగ్గే. నా పెండ్లాం గొర్లమ్మి పెట్టిన. నీడ పడితె ఇగ ఇవి ముఖం చూసుకునేటందుకే పనికొస్తయ్!"

"మా గొర్ల ముచ్చట మందికెందుకు?" అని గొణిగింది శోభ. ఆమె ముఖంలోనూ నవ్వు లేదు.

పెద్దాయన పలకల వైపు, చువ్వల వైపు మార్చి మార్చి చూసి, పైపు లాక్కుంటూ వెళ్లిపోయాడు.

పక్కింటి స్లాబు పడింది. ఆ తర్వాత ఒక పొద్దున మిషను రొద విని నాగేందర్ బయటికి పరుగెత్తాడు. ఐలేశం స్లాబు మీద కూర్చుని, పైకి లేచి ఉన్న పిల్లర్ల చువ్వలు కోస్తున్నాడు.

"ఏంది ఐలేశం, మంచి చువ్వలు కోస్తున్నవ్?"

"ఓనరు కోయమన్నడు. మీద ఇల్లు వద్దట. మీ సోలార్ మీద నీడ పడ్తదట."

నాగేందర్ తన డాబా మీది పలకల వైపు తిరిగి చూశాడు.

"బిడ్డ కుట్టుమిషన్లు పెట్టుకుంటనంటే ఆమెకని మీద అర్ర అనుకున్నరు. గిప్పుడు పాపం ఆ పిల్ల బజార్ల కిరాయి జాగా దేవులాడుతాంది."

వెనకే వచ్చిన శోభ కళ్లు తుడుచుకుంది.

"చూస్తవేంది? పోయి ఆ సారుకు దండం పెట్టి రా."

నాగేందర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గబగబా వెళ్లాడు. పక్కింటి గుమ్మం దగ్గర పెద్దాయన పైపు చుడుతున్నాడు. ఆయన్ని చూడగానే నాగేందర్ కాళ్లు వెనక్కి లాగాయి.

"గా దినం నేనడిగింది రేటు గాదు సార్," అన్నాడు పెద్దాయన మెల్లగా. "నీడ. నీడ ఎంత పడ్తదని."

నాగేందర్‌కు తల కొట్టేసినట్టయింది. చలికాలంలో పొద్దు దక్షిణానికి జరిగితే నీడ ఇంకా ఎక్కువ పడుతుందా అని మనిషి తన మేలు కోరి అడిగాడు. తాను రేటనుకుని, నెత్తిన కప్పు లేనివాడని వెక్కిరించాడు. అంత మాట పడి కూడా, ఈ కూలి మనిషే తన గోడు యజమాని చెవిన వేశాడన్నమాట. భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది.

"తప్పయింది పెద్దాయనా. మనసుల పెట్టుకోకు. నువ్వు చెప్పబట్టే మీ సారు విన్నడు. ఆయన యాడున్నడో జర చూపియ్యి, కాళ్లు మొక్కి పోత."

పెద్దాయన తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఇబ్బందిగా నేల చూశాడు.

అంతలో పైన ఐలేశం మిషను ఆపి, స్లాబు అంచు నుంచి ఆయన వైపే వంగి అడిగాడు: "ఏసోబు సారూ, ఇల్లు మీది, మీ ఇష్టం గని, బిడ్డ అర్రకని లేపిన గీ ఆఖరి పిల్లరు చువ్వలు గూడ మొదలంటా కోసెయ్యాల్నా?"