మాస్టారింట్లో సోదా

"కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి రా అక్కా. తొంగిచూసేవాళ్లనే ముందు చూస్తారు పోలీసులు" అన్నాడు తమ్ముడు.

అక్క కదల్లేదు. ఆమె చేతిలో కుడుతున్న గౌను సగంలో ఆగిపోయింది. ఎదురుగా మాస్టారింటి ముందు రెండు జీపులు. మధ్యాహ్నం పూట కుక్క కూడా మొరగని వీధి అది. ఇప్పుడు ప్రతి కిటికీ వేలెడు సందు మిగిల్చి మూసుకుంది. ఒక్కో సందులో ఒక్కో కన్ను.

"నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషిరా ఆయన" అంది.

"కొరకలేనివాళ్లు మింగేస్తారే" అని నవ్వాడు తమ్ముడు. కుట్టుమిషను పక్కన కూచుని, ఒళ్లో ఆమె కూతుర్ని పెట్టుకుని, కత్తితో ఆపిల్ తొక్క తీస్తున్నాడు. తొక్క తెగకుండా తీయాలని పాప పందెం.

"దాన్ని దించరా. నీ కాళ్లు తిమ్మిరెక్కుతాయి."

"ఉండనీ. మావయ్య ఒళ్లు మెత్తన."

నిన్న సాయంత్రం గోడ దూకి వచ్చాడు వాడు. ఏదో దుకాణంలో దొంగతనం. అడ్డొచ్చిన కాపలావాడు ఆస్పత్రిలో ఉన్నాడు. "రెండ్రోజులు తలదాచుకుంటానక్కా" అన్నాడు. అమ్మ పోయాక చంక దించకుండా పెంచిన తమ్ముడు. పొమ్మనలేకపోయింది.

ఎదురింట్లోంచి పరుపులు వరండాలోకి వచ్చి పడ్డాయి. మాస్టారు బనీనుతో, కళ్లజోడు చేత్తో పట్టుకుని గోడకు ఆనుకున్నారు. ఆయన భార్య ఏడుస్తోంది. ఆమె ఏడుపు కంటే బీరువా తలుపులు బాదుతున్న చప్పుడే గట్టిగా వినిపిస్తోంది.

"నీకెందుకే అంత వణుకు?" అన్నాడు తమ్ముడు. "కారు షెడ్డుకు గోడలు లేపి అద్దెకిచ్చిన గది ఇది. దీనికి ఇంటి నెంబరే లేదు. నీ గ్యాసు బండా, పార్సిళ్లూ మాస్టారి నెంబరు మీదే వస్తాయన్నావుగా. ఇవాళ పోలీసులు కూడా ఆ లెక్కనే వచ్చారనుకో."

ఆ మాటకు వాడొక్కడే నవ్వాడు. అంతలో మాస్టారు వేలెత్తి ఇటు చూపించడం, ఎస్సై రోడ్డు దాటడం కనిపించాయి.

తమ్ముడు పాపను చంకనెత్తుకుని తలుపు చాటుకు చేరాడు. కత్తి చేతిలోనే ఉంది. "దాగుడుమూతలు బంగారం. చప్పుడు చేస్తే ఓడినట్టే" అని పాప చెవిలో చెప్పి, ఆమె వైపు తిరిగాడు. "అంతా నీ నోట్లోనే ఉందక్కా."

ఆమె తలుపు ఓరగా తీసింది.

"దొంగ ఒకడు ఆ ఇంట్లో దాక్కున్నాడని ఎవరో ఫోను చేశారమ్మా" అన్నాడు ఎస్సై. "తీరా చూస్తే ముసలాళ్లు తప్ప ఎవరూ లేరు. కొత్త మనిషి ఎవరైనా కనబడ్డాడా?"

"లేదండి."

"లోపల ఎవరుంటారు?"

"నేనూ, మా పాపా."

"పాపేది?"

తలుపు చాటుకు కళ్లు పోకుండా ఆపుకోవడానికి తల దించుకుని గౌను వైపు చూసింది. "నలతగా ఉందండి. పడుకుంది."

ఎస్సై ఒక్క క్షణం నిలబడి వెళ్లిపోయాడు. జీపులు కదిలాయి. కిటికీలు ఒక్కటొక్కటే తెరుచుకున్నాయి. అంతవరకూ ఊపిరి బిగబట్టిన వీధికి ఒక్కసారిగా నోరొచ్చింది.

తమ్ముడు మళ్లీ చతికిలబడి పాపను ఒళ్లోకి లాక్కున్నాడు. "రక్తం ఎక్కడికి పోతుందక్కా. కన్నతల్లి కూడా ఇలా కాపాడదు" అన్నాడు. కత్తిమొనతో ఒక ముక్క గుచ్చి నోట్లో వేసుకున్నాడు. నమిలేకొద్దీ మొహంలో నవ్వు పోయింది.

"ఎవడో నన్ను పట్టించబోయాడు. నెంబరు తప్పబట్టి సరిపోయింది. వాడెవడో తేల్చకుండా ఈ గడప దాటను. నీకెవరి మీదైనా అనుమానముందా?"

"నాకేం తెలుసురా" అంది ఆమె, సూదిలోకి దారం ఎక్కించబోతూ. ఎక్కలేదు.

పొద్దున ఆ ఫోను చేసింది ఆమే.