చౌక కౌంటరు

అమ్మ పోయిన రోజునుంచే నాన్న పిసినారి అయ్యాడని కూతురి అభిప్రాయం.

ఆ మధ్యాహ్నం వచ్చినవాళ్లంతా వెళ్లాక, ఆమె బీరువాలోంచి పాత కెమెరా తీసింది. లోపల రీలుందని కనిపెట్టింది ఆమే. అమ్మ ఆసుపత్రిలో చేరకముందు నాన్న తీసిన ఫొటోలవి. ఎవరైనా ఫోను పైకెత్తితే చాలు, అమ్మ మొహం తిప్పేసుకునేది. ఈ కెమెరా ముందు మాత్రం జుట్టు సర్దుకుని కుదురుగా కూర్చునేది. చివరి ఏడాది అమ్మ ఎలా ఉండేదో చూసుకోవాలంటే మిగిలింది ఆ రీలొక్కటే.

కూతురు రీలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఎంతయినా నేనిస్తాను నాన్నా. మంచిచోట కడిగించు. కంప్యూటర్లోకి ఎక్కించమను."

ఆయన చేతిలోని రీలు వంక చాలాసేపు చూశాడు. డబ్బీలో సర్ది చొక్కా జేబులో వేసుకున్నాడు.

"చూద్దాం," అన్నాడు.

ఆయన ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముందు అందులో తప్పులు దిద్ది, ఆ తర్వాతే పెళ్లెవరిదో చూస్తాడు. అలాంటి కంటికి ఊళ్లో ఒక్క ఫొటో కౌంటరూ ఆనలేదు.

మొదటిచోట "రీలు కడగాలి" అనగానే, కౌంటరు వెనకనున్నవాడు తలెత్తకుండానే అడిగాడు. "ఫోన్లో ఉందా అంకుల్, పెన్‌డ్రైవ్‌లో ఉందా?"

రెండోచోట కప్పుల మీద బొమ్మలచ్చేసే యంత్రం తప్ప ఇంకేమీ లేదు. నమూనాకి పెట్టిన కప్పు మీద ఓ పెద్దమనిషి మొహం సగం పిడి కిందికి పోయింది.

"చెవి బదులు పిడి పెట్టారన్నమాట. టీ తాగినప్పుడల్లా చెవి మెలిపెట్టొచ్చు," అని వచ్చేశాడు.

మూడోచోటికి కూతురే వెంటబెట్టుకుని వెళ్లింది. అద్దాల గది. చల్లగా ఉంది. పనివాళ్ల చేతులకి తెల్ల గ్లౌజులు. యజమాని ఆ హంగులకి తగ్గ మాటకారి.

"మా దగ్గర రీలు పాడవడమన్న మాటే లేదు మేడమ్. ఒకవేళ బొమ్మ రాలేదనుకోండి, కడిగే మందు తప్పా, కెమెరా తప్పా, మనుషుల తప్పా... నెగెటివ్ చూసి ఇట్టే చెప్పేస్తాను. మీ ఎదురుగానే చెప్తాను."

"ఎదురుగానా?" అన్నాడాయన.

"కావాలంటే కాయితం మీద రాసిస్తాను సార్!"

కూతురి మొహం విప్పారింది. ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది.

"మీరు ఫొటోలు కడుగుతారా, తీర్పులు చెప్తారా?" అంటూ లేచాడు. "ఈ గ్లౌజులకీ ఈ చల్లగాలికీ కూడా మా దగ్గరే వసూలు చేస్తారు కాబోలు. పద అమ్మలూ."

మెట్లు దిగుతుంటే కూతురు ఆయనకి అడ్డంగా నిలబడింది.

"అమ్మ ఫొటోల దగ్గర కూడా బేరమేనా? నేనిస్తానంటున్నాగా!"

"ఎవరిదైనా డబ్బు డబ్బే."

"అమ్మ ఉంటే..."

"అమ్మ ఉంటే ఈ తిరుగుడెందుకు?"

మర్నాడు ఆయన ఒక్కడే బయల్దేరాడు. బస్టాండు వెనక జెరాక్సు షాపులో ఓ మూలన ఉంది నాలుగో కౌంటరు. 'అన్నిటికన్నా చౌకగా రీలు కడిగి స్కాన్ చేయబడును' అని బోర్డు. దానికింద చిన్నక్షరాల్లో, 'పాడైతే మా పూచీ లేదు.' చిన్నక్షరాలని ఆయన రెండుసార్లు చదివాడు.

టీ గ్లాసులు కడిగే తొట్టిలోనే రీళ్లూ కడుగుతున్నారు. కడిగినవి బట్టల క్లిప్పులకి వేలాడుతూ ఫ్యాను దుమ్మంతా తింటున్నాయి. స్కానరు అద్దం నిండా వేలిముద్రలు. కౌంటరు మనిషి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎన్నాళ్లుగా వెలగబెడుతున్నావయ్యా ఈ ఘనకార్యం?"

"చాన్నాళ్లయింది సార్."

"రీళ్లు పాడవుతుంటాయా?"

"అవుతుంటాయ్. చవగ్గా కావాలంటే అంతే కద సార్."

"జనం ఊరుకుంటారా?"

"తిట్టి పోతారు. మనకి అలవాటే."

ఇంత అడ్డదిడ్డంగా పనిచేసేవాణ్ని ఆయన జన్మలో చూడలేదు. జేబులోంచి రీలు తీసి ఆ తడిచేతిలో పెట్టాడు.

రీలు నల్లగా వచ్చింది. ఈ కొసనుంచి ఆ కొసదాకా బొగ్గు. స్కాన్ చేసిన ఫైళ్లలో ఒక్క గీత కూడా లేదు.

కూతురు ఆ షాపుకి పరిగెత్తి నానా మాటలూ అంది. అతను నెగెటివ్ వంక కన్నెత్తైనా చూడకుండా తల గోక్కున్నాడు.

"మందు పాతదైపోయినట్టుంది మేడమ్. మాదే తప్పు. డబ్బులొద్దులెండి."

ఆమె వెనకే వచ్చిన తండ్రి వైపు తిరిగింది.

"ఇతన్నని ఏం లాభం? మంచి షాపు కాదని ఈ మురికిగుంట వెతుక్కున్నది నువ్వు. అమ్మ మొహం రెండోసారి పోయింది నాన్నా, నీ పిసినారితనం వల్ల."

"నిజమేనమ్మా," అన్నాడాయన. "తప్పు నాదే."

ఆ తర్వాత ఆమె ఆయనతో పొడిపొడిగానే మాట్లాడేది. చుట్టాలెవరొచ్చినా నాన్న చౌకబేరం కథ మొదలుపెట్టేది. వాళ్లు ఆయన వంక అదోలా చూసేవాళ్లు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చునేవాడు.

అమ్మ పోయిన ఆ మధ్యాహ్నం, బొమ్మలు కనిపిస్తాయేమోనని కెమెరా వెనకమూత తెరిచి, రీలంతా బయటికి లాగి, ఆమె కిటికీ ఎండకి పట్టి చూసినప్పుడే అందులోని అమ్మ చెరిగిపోయిందని ఆయన కూతురికి ఇంకా చెప్పలేదు.