ఎర్ర గీత కింది ఇల్లు

“ఎర్ర గీత మా ఇంటి మీన్నే ఉన్నదా అయ్యా?”

కచేరీ అరుగు కింద నిలబడి సాలమ్మ అడిగింది. ఆ వారంలో ఇది నాలుగోసారి.

ఊరి పటం, కొత్త నక్షా మీద వంగి ఉన్న రఘుపతి కలం పక్కన పెట్టాడు. “ఉన్నది. నిన్న ఉన్నది, ఇయ్యాల ఉన్నది.”

“మల్ల మారుతదా?”

“ఇంజనీర్ సాబ్ దస్కతు పడేదాకా ఏదన్న మారొచ్చు. నువ్వు రోజూ వచ్చి అడిగితే మారదు.”

సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. “నీ కాల్మొక్త అయ్యా. మమ్ముల జర యాదిల ఉంచుకోండ్రి” అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలో తొందర చూసి, ఏడుపు దాచుకుంటోందనుకున్నాడు రఘుపతి.

పాలమూరుకు పాత నక్షా గీసి ఇరవై ఏళ్ళయింది. ఈలోగా నూనె మిల్లు వచ్చింది, ధాన్యం అమ్మే కొత్త గంజ్ వచ్చింది, ఊరు పొలాల్లోకి పాకింది. రాబోయే ఇరవై ఏళ్ళకు ఇళ్ళు ఎక్కడ కట్టాలి, బజారు ఎక్కడుండాలి, రోడ్లు ఎటు పోవాలి అన్నది మళ్ళీ తేల్చమని హైదరాబాదు నుంచి హుకుం వచ్చింది. ఇంజనీర్ సాబ్ చెప్పేవాడు, రఘుపతి గీసేవాడు. స్టేషను నుంచి గంజ్ దాకా అరవై అడుగుల రోడ్డు. దానికి ఊరి కొసన, దొర పొలం అంచున అడ్డం వచ్చింది ఒకే ఒక్క గుడిసె, సాలమ్మది. పోయే ఇంటికి బదులు సర్కారు గుట్ట అవతల జాగా ఇచ్చి పట్టా రాసిస్తుంది. ఆ జాగాను కొలిచింది కూడా రఘుపతే. అడుగేస్తే రాయి. బిందెడు నీళ్ళకు మైలు నడవాలి.

మధ్యాహ్నం ఇంట్లో కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలుపుతూ కూర్చున్నాడు.

“ఏందట్ల పిసుకుతున్నరు అన్నాన్ని?” అంది భార్య లీలమ్మ.

“ఆమె మల్ల వచ్చింది.”

“వస్తే? రోడ్డు మీరేస్తున్నరా?”

“గీత నేనే గీస్తున్న గదా.”

ఆ బాధ ఎక్కడిదో లీలమ్మకు తెలుసు. రైలు పట్టాల కోసం రఘుపతి వాళ్ళ ఇల్లు కూల్చినప్పుడు అతనికి పదేళ్ళు. తల్లి గడప పట్టుకుని వదలకపోతే కూలీలే చేతులు విడదీశారు. బతికినన్నాళ్ళూ ఆ తల్లి కొత్త ఇంటిని ఇల్లు అనలేదు, ‘ఈ జాగా’ అనేది.

“నౌకరి పోతే ఏం జేస్తరు?” అంది లీలమ్మ చివరికి.

“అది తెల్వదు. గీ గీత మాత్రం నన్ను నిమ్మలంగ ఉండనిస్తలేదు.”

శుక్రవారం మధ్యాహ్నం సాబ్ నమాజుకు వెళ్ళాడు. మిగతావాళ్ళు చాయ్‌కి లేచారు. రఘుపతి తలుపు దగ్గరగా వేసి, బ్లేడు తీసి, ఎర్ర సిరాను పొడి పొడిగా గీకాడు. చెమట చుక్క నక్షా మీద పడబోతే మోచేత్తో ఆపాడు. రోడ్డును ఎనభై అడుగులు పక్కకు జరిపి, ఖాళీగా పడి ఉన్న పాత పశువుల బందెల దొడ్డి మీదుగా తిప్పాడు. కొత్త సిరా ఆరేదాకా ఊదుతూనే ఉన్నాడు.

సాబ్ వచ్చి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వేలు గీత వెంట నడిచి, సరిగ్గా అక్కడే ఆగింది.

“ఇక్కడ వంపు ఎందుకు?”

“బండ ఉంది సాబ్. పగలగొట్టాలంటే నెలలు పడుతుంది.”

“నేను చూసినప్పుడు బండ లేదే?”

“మట్టి కింద ఉంది సాబ్. గడ్డపార దిగలేదు.”

సాబ్ అతని ముఖంలోకి చూశాడు. రఘుపతి సిరా అంటిన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సాబ్ కలం ముంచి దస్కతు పెట్టాడు. “ఇక ఇరవై ఏళ్ళ దాకా దీన్ని ఎవడూ ముట్టడు. పంపించెయ్.”

నక్షా గొట్టంలో చుట్టి హైదరాబాదు టపాలో వేసి, రఘుపతి నేరుగా ఊరి కొసకు నడిచాడు. నడక పరుగైంది.

గుడిసె ముందు అరువు బండి నిలబడి ఉంది. మంచం, రోలు, కుండలు అప్పుడే ఎక్కించారు. సాలమ్మ మగడు లింగస్వామి గుడిసె కప్పు మీది తాటాకులు తనే ఊడదీస్తున్నాడు.

“ఆపుండ్రి! దించుండ్రి సామాను!” అని అరిచాడు. “మీరు యాడికీ పోయే పని లేదు. గీత జరిపిన. దస్కతు గూడ అయింది. ఇరవై ఏళ్ళ దాకా మీ ఇంటిని ఎవ్వడూ ముట్టడు!”

లింగస్వామి చేతిలోని తాటాకు కింద పడింది. అతను నిచ్చెన దిగి, బండి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. సాలమ్మ చేతిలోని చాట అట్లాగే ఉండిపోయింది.

“నిజంగనా అయ్యా?”

“నా చేత్తోనే జరిపిన. భయపడకు.”

అప్పుడే తుమ్మ చెట్ల అవతల నుంచి ఒక గొంతు వినిపించింది. “ఓ లింగా! దొర గడిల కట్టెలు కొట్టాలెనంట, పిలుస్తుండు! జల్ది రా!”

లింగస్వామి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. రఘుపతి వైపు గానీ భార్య వైపు గానీ చూడకుండా గొంతు వచ్చిన వైపు నడిచాడు.

సాలమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“ఇల్లు దక్కింది గదమ్మా, ఇంక ఏడుపెందుకు?” అన్నాడు రఘుపతి.

“దొర జాగల ఇల్లయ్యా, అది కూలి సర్కారు జాగకు పోతెనే మా వెట్టి తప్పుతుండె.”